అరకడుపు బ్యాటరీలు

ఛార్జి ఎక్కుతున్న బ్యాటరీ దగ్గర చెవి పెట్టి వింటే, సన్న మంట మీద ఎసరు కాగుతున్నట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది. మా ఇంట్లో అలాంటివి ఆరు. ఒకప్పుడు ఆవుల్ని కట్టిన పాకలో, ఒక తెల్లటి బండి సీటు కింద, రెండు వరసల్లో కూర్చుని ఉంటాయి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ముక్కాలిపీట వేసుకుని వాటి పక్కన కూర్చుంటే నాకు కునుకు పట్టేది. కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండ మెల్లగా ఎర్రబడేది. దూరంగా సముద్రం ఒకే మాట మళ్లీ మళ్లీ అంటూ ఉండేది. ఆ మగతలో ఏది బ్యాటరీ చప్పుడో ఏది సముద్రం చప్పుడో నాకు తెలిసేది కాదు.

మాది విజయనగరం నుంచి సముద్రం వైపు బస్సులో గంట దూరం ఉన్న ఊరు. ఇసక కలిసిన నేల. కొబ్బరీ, జీడిమామిడీ ఉన్న మా తోట దాటితే సరుగుడు తోపు, అది దాటితే చేపల వేటకి వెళ్లేవాళ్ల ఊరు, ఆ తరవాత నీళ్లే. నేను విజయనగరంలో ఒక కాలేజీలో లైబ్రరీ చూస్తాను. ఏళ్ల తరబడి పుస్తకాల మధ్య కూర్చుని, చేతుల్తో చేసే పని ఒక్కటీ రానివాణ్ణి. ఇంట్లో బల్బు మార్చాలన్నా నా భార్యే స్టూలెక్కేది. నేను కింద నిలబడి జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. జాగ్రత్తలు చెప్పడంలో మాత్రం నన్ను మించినవాడు మా మండలంలో లేడు.

ఆమె ఆ వేట ఊరి పిల్ల. మా పెళ్లప్పుడు రెండు ఊళ్లూ మూతులు ముడిచాయి. మావాళ్లు చేపల వాసనన్నారు, వాళ్లవాళ్లు మట్టి పిసుక్కునేవాడన్నారు. కొన్నాళ్లకి అందరూ అలిసిపోయి ఊరుకున్నారు. ఆమె మాత్రం పెళ్లైనా ఒక అలవాటు మానలేదు. తెల్లారగానే సరుగుడు తోపులోంచి నడుచుకుంటూ పోయి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసకలో నిలబడేది. కొనడానికి కాదు, అమ్మడానికి కాదు. ఊరికే. నేను పళ్లు తోముకునేసరికి తిరిగొచ్చేది. ఎందుకెళ్తావని ఒకసారి అడిగితే, నువ్వు పేపరెందుకు చదువుతావని అడిగింది.

తుఫాను వెళ్లిన మర్నాడు విరిగిన కొమ్మలు ఏరుతుంటే, సగం తెగి వేలాడుతున్న జీడి కొమ్మ ఒకటి ఆమె నడుం మీద పడింది. విశాఖలో ఆసుపత్రి, ఆ తరవాత నెలల తరబడి మంచం. కుడికాలు మిగిలింది. ఎడమకాలు ఉన్నా లేనట్టే. చేతికర్ర పట్టుకుని పదడుగులు వేస్తుంది, తరవాత ఎక్కడో అక్కడ కూర్చోవాలి. చక్రాల కుర్చీ మా ఇసకలో కదలదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, సముద్రం వైపు తల కొంచెం పక్కకి వాల్చి వినేది. అలా వింటున్న మనిషిని చూస్తూ పళ్లు తోముకోవడం నా వల్ల అయ్యేది కాదు. పెరటివైపు పోయేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఆమె తమ్ముడు ఒక కబురు తెచ్చాడు. భీమిలి రోడ్డులో ఏదో రిసార్టు మూసేస్తున్నారనీ, అందులో గోల్ఫు ఆడేవాళ్లు తిరిగే బండి ఉందనీ, అమ్మేస్తున్నారనీ. గోల్ఫంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. నాకు బొమ్మల్లో తెలుసు. అంత చిన్న బంతి కోసం అంత పెద్ద మైదానమా అని ఎప్పుడో చిరాకు కూడా పడ్డాను. కానీ బండిని చూశాక నోరు మూసుకున్నాను. క్లచ్చు లేదు, గేర్లు లేవు. తొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ఒక్క కుడికాలు చాలు.

లారీలోంచి దింపిన రోజు ఊరంతా వచ్చింది. పైకప్పున్న మంచంలా ఉందని ఒకరు, పెళ్లికొడుకు బండిలా ఉందని ఇంకొకరు. నేనందరి మీదా విసుక్కున్నాను. ఆమె మాత్రం నవ్వుతూ ఎక్కి కూర్చుని, తొలి రోజే కొబ్బరి వరసల మధ్య రెండు చుట్లు తిప్పింది. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు. చక్రాల కింద ఎండాకు నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎండ మచ్చలు తెల్లటి కప్పు మీదుగా జారిపోతుంటే, మెలకువగా ఉన్నానో లేదో తెలియని స్థితిలో ఆ బండిని చూస్తూ నిలబడ్డాను.

బ్యాటరీల సంగతి చెప్పింది విజయనగరంలో ఒక షాపు మెకానిక్కు. ముప్ఫై ఏళ్లుగా అదే పని చేస్తూ, చొక్కా నిండా యాసిడ్ చిల్లులున్న మనిషి. నన్ను మేష్టారూ అనేవాడు. లైబ్రరీ మనిషినని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. బ్యాటరీ వాటర్ ఛార్జికి ముందు కాదు, తరవాత పొయ్యాలి. ముందే నిండా పోస్తే కాగినప్పుడు పొంగి బయటికొస్తుంది. టెర్మినల్ మీద తెల్లపొడి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వాసెలీన్ రాయాలి. పాకలో కిటికీ తెరిచే ఉంచాలి, దగ్గర్లో చుట్ట కాల్చకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ నిండా ఛార్జి ఎక్కనివ్వాలి. నేను వినయంగా తలూపి, అన్నీ కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చాను.

లోపలి యాసిడ్ చిక్కదనం చూడటానికి అతను ఒక గాజు గొట్టం ఇచ్చాడు. హైడ్రోమీటర్. దాంతో కొంచెం యాసిడ్ పీలిస్తే లోపల చిన్న బుడ్డి ఒకటి తేలుతుంది. ఆకుపచ్చ గీత దాకా తేలితే బ్యాటరీ నిండినట్టు, ఎర్రగీత దాకా మునిగితే ఖాళీ అయినట్టు. దాని వెనక ఉన్న సూత్రమంతా నేను ఆమెకి వివరించబోయాను. ఆమె సగంలోనే గొట్టం లాక్కుంది. వాళ్లమ్మ చేపలు ఊరేసేటప్పుడు ఉప్పునీళ్లలో కోడిగుడ్డు వేసి చూసేదట. గుడ్డు తేలితే ఉప్పు సరిపోయినట్టు, మునిగితే ఇంకా వెయ్యాలి. ఇదీ అదేగా అంది. అప్పటినుంచి ఆదివారం ఆదివారం గొట్టం పట్టుకుని కొలవడం ఆమె పనైపోయింది. పాక గుంజ మీద సుద్దతో ఆరు గీతలు గీసేది, బుడ్డి ఎక్కడిదాకా తేలిందో అక్కడిదాకా.

మొదటి ఏడాది కలలా గడిచింది. ఆదివారాలు ఇద్దరం సముద్రానికి వెళ్లేవాళ్లం. సరుగుడు తోపులో గ్రావెల్ బాట, రెండు పక్కలా ఎత్తుగా సన్నటి చెట్లు, పైన గాలి. ఆ తోపులో మనిషి గొంతు కూడా తగ్గిపోతుంది. ఆమె నడిపేది, నేను పక్కన కూర్చుని జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. ఒడ్డున బండి ఆపి, పడవల నుంచి వలలు దింపుతున్నవాళ్లని పేరు పేరునా పలకరించేది. వాళ్లు మేనత్త అనో, వదిన అనో, అప్ప అనో పిలిచి, నా వైపు చూసి తలూపి ఊరుకునేవాళ్లు.

ఒక ఆదివారం తిరిగొస్తుంటే తోపు నడిమధ్యలో బండి ఆగిపోయింది. ఇసకలో బలంగా తొక్కిందేమో, ఛార్జి అయిపోయింది. గంటన్నర తరవాత ఒక రైతు తన ఎడ్లని కట్టి ఇంటిదాకా లాక్కొచ్చాడు. ఎద్దులు లాగే కరెంటు బండి చూడ్డానికి మళ్లీ ఊరంతా వచ్చింది. ఆమె పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ గంటన్నరా నేను పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే?

ఆ సాయంత్రమే ఆమె అడిగింది. ఇంక ఆదివారాల కోసం చూడనని, పొద్దున్నే పడవలొచ్చే వేళకి తను వెళ్లొస్తానని.

"ఒక్కదాన్నే ఎల్తాను మావా. నువ్వూ వొద్దు, తమ్ముడూ వొద్దు."

సరేనన్నాను. నోటితో అన్నాను. మర్నాడు లైబ్రరీలో కూర్చుంటే పుస్తకం పేజీలన్నీ సరుగుడు తోపులా కనిపించాయి. ఆగిపోయిన బండి, దాని పక్కన కింద పడి ఉన్న చేతికర్ర, పిలిస్తే ఎవరికీ వినిపించని చోటు. కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్లలు రెండుసార్లు పిలిచారట. ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఛార్జరు స్విచ్చు వేశాను. తొమ్మిదింటికి, పడుకోబోయే ముందు, ఆపేశాను. బ్యాటరీలు నిండాలంటే తెల్లారేదాకా పడుతుంది.

ఎందుకాపావని ఆమె అడిగితే, రాత్రంతా ఉంచితే లోపల ప్లేట్లు కాలిపోతాయని చెప్పాను. చదువుకున్నవాడు అబద్ధం చెబితే నిజం కన్నా నిక్కచ్చిగా ఉంటుంది. మూడు గంటల ఛార్జితో బండి మా తోట చివరనున్న పంపుషెడ్డు దాకా వెళ్లి, తిరిగి రాగలదు. అంతకు మించి వెళ్లలేదు. పొద్దున్న ఆమె బండెక్కి, ముందున్న ఛార్జి ముల్లు చూసుకుని, పంపుషెడ్డు దగ్గర ఆపి, అక్కడినుంచి సముద్రాన్ని విని, వెనక్కి వచ్చేసేది. నేను ఆరున్నర బస్సెక్కి నిశ్చింతగా కాలేజీకి పోయేవాణ్ణి. ఒకటి కాదు, రెండు కాదు, అలా మూడేళ్లు.

ఆ మూడేళ్లలో నేను బ్యాటరీలకి చేసినంత సేవ ఎవరూ చేసి ఉండరు. ఛార్జి ఆపాక నీళ్లు కొలిచి పోసేవాణ్ణి. టెర్మినల్స్ తుడిచేవాణ్ణి. పాత బనీను గుడ్డతో పైన దుమ్ము దులిపేవాణ్ణి. తప్పు చేస్తున్నవాడికి శుభ్రం మీద ఎంత శ్రద్ధో. ఆ పాకలో కూర్చుంటే మనసుకి హాయిగా ఉండేది, అదే ఆశ్చర్యం. ఎసరు చప్పుడు వింటూ, తొమ్మిది కాకూడదని అనుకుంటూ, తొమ్మిదయ్యాక లేచి స్విచ్చు ఆపేవాణ్ణి.

నాలుగో ఏడు బండి పంపుషెడ్డు దాకా కూడా వెళ్లలేకపోయింది. ఒక బ్యాటరీ మరీ వేడెక్కుతోందని దాన్ని ఒక్కదాన్నీ మార్చాను. పాతవాటి మధ్య కొత్తదాన్ని పెట్టొద్దని, అదీ వాటితోపాటే ముసలిదైపోతుందని మెకానిక్కు ముందే చెప్పాడు. నేను వినలేదు. మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు ఆ కొత్తది ఆరు నెలలు నిలవలేదు. చివరికి అతన్నే ఇంటికి పిలవాల్సొచ్చింది. ఒక ఆదివారం బస్సు దిగి, చేతిసంచీతో వచ్చాడు. ఆమె పాక బయట నులక మంచం మీద కూర్చుంది.

అతను ఒక్కొక్క మూత తీసి, లైటు వేసి లోపలికి చూశాడు. మీటరు పెట్టి చూశాడు. గుంజ మీద సుద్దగీతలు కూడా చూశాడు. మూడేళ్ల గీతలు, ఏ వారానికి ఆ వారం కిందికి దిగుతూ వచ్చినవి. చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"మేష్టారూ, ఈటిని వాడకం సంపనేదు. లోన ప్లేట్లు తెల్లగ పాలిపోనాయి సూడండి. ఏ ఒక్క రోజూ కడుపు నిండా పెట్టనేదు ఎవులో. అరకడుపుతో సంపీసినారు."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఆమె వైపు చూడలేదు. ఆమె అతన్ని మంచినీళ్లు కావాలా అని అడిగింది, కొత్తవి ఎన్నాళ్లకొస్తాయని అడిగింది, భోంచేసి వెళ్లమంది. అతను భోంచేసి వెళ్లాడు. నేనూ తిన్నాను. ఏం కూరో గుర్తులేదు.

అతను వెళ్లాక చెప్పేద్దామనుకుని పాకలోకి వెళ్లాను. ఆమె బండి సీటు మీద, చక్రం పట్టుకుని కూర్చుని ఉంది, ఎక్కడికో వెళ్తున్నదానిలా. గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

"మొదటి నెల్లోనే తెలిసిపోనాది. ఆ బుడ్డి ఏ వారమూ పైకి తేల్నేదు. స్విచ్చెయ్యడం నాకూ వొచ్చు మావా. నీ సేత్తో నువ్వే ఆపకుండా ఒదిలేస్తావేమోనని సూసినాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. మూడేళ్ల పాటు రోజూ పొద్దున్నే పంపుషెడ్డు దగ్గర బండి ఆపి కూర్చుని, ఆమె సముద్రం కోసం చూడలేదు, నా కోసం చూసింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా, ఇంకా, కొత్త బ్యాటరీలు వస్తే ఆమె వెళ్లిపోతుంది కదా అనే భయం తగ్గలేదు. ఆ మాటే చెప్పాను. భయమేస్తోందని చెప్పాను. ఆమె తలూపింది.

కొత్తవి ఆరూ ఒక శనివారం వచ్చాయి. బిగించే పని నేనే చేస్తానన్నాను. ఆమె మంచం బండి పక్కకి వేయించుకుని, ఏది ముందో ఏది తరవాతో చెబుతూ కూర్చుంది. పాత తీగలు విప్పకముందే ఫోనుతో ఫొటో తీయించింది. చాలక, వలలు కుట్టే రంగుదారాలు తెప్పించి ఏ తీగకి ఆ రంగు కట్టింది. నైలాన్ ముడి, ఊడదు. ముందు మైనస్ తీగ విప్పాలి. స్పానర్ పొరపాటున రెండు టెర్మినల్స్‌కీ తగిలితే నిప్పులొస్తాయని, దాని పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టించింది. ఆమె తమ్ముడూ నేనూ మోసే పట్టీతో ఒక్కొక్కటీ ఎత్తి దింపుతుంటే నా నడుం విరిగింది. ఆఖరి నట్టు బిగించి మీటరు పెడితే ముల్లు నిండుగా లేచింది. నేను చేత్తో చేసిన మొదటి పని అది. కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున్నే స్విచ్చు వేసి, ఇంక ముట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నం తిని పాకలోనే చాప పరుచుకున్నాను. ఎసరు కాగే చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. అంతసేపు నేనెప్పుడూ వినలేదు. నిద్రలో సరుగుడు తోపు నీళ్లతో నిండిపోయి ఉంది. చెట్ల నీడలన్నీ అడుగున ఉన్నాయి. తెల్లటి బండి చక్రాలు తిరక్కుండానే వాటి పైనుంచి వెళ్తోంది. ఒడ్డు ఎక్కడో నాకు కనపడలేదు. మెలకువొచ్చేసరికి సాయంత్రమైంది, ఆమె గాజుగొట్టం పట్టుకుని ఆరో బ్యాటరీ కొలుస్తోంది. గుంజ మీద ఆరు గీతలు ఒకే ఎత్తులో ఉన్నాయి.

సోమవారం తెల్లారగానే తమ్ముడు వచ్చాడు. కొత్త పడవ నీటిలో దించేటప్పుడు ఏమేం చేస్తారో అన్నీ తెచ్చాడు. బండి ముక్కుకి పసుపు రాశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు, వేపమండ కట్టాడు. బ్యాటరీల మీద కొబ్బరికాయ కొడతానంటే నేను అడ్డం పడి ముందు చక్రం దగ్గర కొట్టించాను. ఆమె కొత్త చీర కట్టుకోలేదు, రోజూ కట్టేదే కట్టుకుంది. చేతికర్ర పక్కన పెట్టుకుంది. నాకు చెప్పవలసిన జాగ్రత్తలు చాలా ఉన్నాయి. మెత్తటి ఇసక దగ్గర గట్టిగా తొక్కొద్దని, ఛార్జి సగానికి రాగానే వెనక్కి తిప్పమని, ఫోను ఒళ్లోనే పెట్టుకోమని. నోరు తెరిచేలోపు బండి కదిలింది. తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు.

"ఎనకనుండి పిలవకు బావా. ఏటకెల్లే మనిసిని ఎనకనుండి పిలవరు."

పిలవలేదు. మోటారుసైకిలైతే ఎంత దూరం వెళ్లిందో చప్పుడు చెబుతుంది. ఈ బండికి అదీ లేదు. తెల్లటి కప్పు కొబ్బరి వరసల మధ్య కాసేపు కనపడింది, పంపుషెడ్డు దగ్గర కూడా ఆగకుండా మళ్లింది, అంతే. తమ్ముడు వెళ్లిపోయాడు. ఆరున్నర బస్సు వెళ్లిపోయింది, నేనెక్కలేదు. పాకలో బండి ఉండే చోట ఖాళీ నేల చూస్తూ కూర్చున్నాను. ఏడున్నరకి లేచి తోట చివరిదాకా నడిచాను. గ్రావెల్ మీద చక్రాల జాడ తోపులోకి పోయింది. ఇంకొక్క అడుగు వేస్తే తోపు. ఆ అడుగు కోసం నా కాళ్లు ఎంత లాగాయో నాకే తెలుసు. వేయలేదు. ఎండ పొడవాటి గీతలుగా చెట్ల మధ్య నిలబడి ఉంది, ఎక్కడా ఏ కదలికా లేదు.

ఇంటికొచ్చి, అరుగు మీద, ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. తొమ్మిది దాటాక తెల్లటి కప్పు కనిపించింది.

మెల్లగా, తొందరేమీ లేనట్టు వచ్చి పాక ముందు ఆపింది. చీర అంచు తడిసి ఇసక అంటుకుంది, మోచేతి దాకా చేప పొలుసులు మెరుస్తున్నాయి. పక్క సీటు మీద తాటాకు బుట్టలో కవళ్ల చేపలు. చెయ్యి అందించి దింపాను. దింపాక కూడా నేను చెయ్యి వదల్లేదని ఆమె చూసింది.

"బయ్యమేసిందేటి?"

వేసిందన్నాను. దాచలేదు. ఆమె బండి కమ్మీ పట్టుకుని అలాగే నిలబడింది.

"నాకూ ఏసింది. తోపు మజ్జిలో ఆపీసి కూకుండిపోనాను. సేతులు సల్లబడిపోనాయి. అదీ సాలా బాగున్నాది మావా. ఇన్నేళ్లూ నా వంతు బయ్యం కూడా నువ్వే పడీసినావు."